లైబ్రరీలో దొరికే నాన్‌ఫిక్షన్ చెప్పండి, సైన్సూ కావాలి, మనమెవరమో కూడా కావాలి

నీలిసిరా
నమస్తే అందరికీ. నవలలు చదివీ చదివీ మొహం మొత్తింది, కొన్నాళ్ళు నాన్‌ఫిక్షన్ వైపు వెళ్దామనుకుంటున్నా. రెండు రకాలు కావాలి. ఒకటి సైన్స్, కానీ టెక్స్ట్‌బుక్‌లా కాకుండా పడుకుని చదువుకునేలా ఉండాలి. రెండోది మనుషుల గురించి, అంటే కులం, భాష, తిండి, మనం ఎక్కడి నుంచి వచ్చాం లాంటివి. తెలుగైనా ఇంగ్లీషైనా పర్లేదు. కొనమని మాత్రం చెప్పకండి, అలమర నిండిపోయిందని అమ్మ ఇప్పటికే వార్నింగ్ ఇచ్చింది. మాది జిల్లా కేంద్రం, గ్రంథాలయం ఇంటికి దగ్గరే.

పాత_అట్ట
అమ్మా నీలిసిరా, నా ఉద్యోగమంతా గ్రంథాలయాల్లోనే గడిచింది కాబట్టి చనువుగా చెబుతున్నా. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’తో మొదలుపెట్టు. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది దీనికే. పేరు చూసి పరీక్షల పుస్తకమేమో అని చాలామంది పక్కన పెట్టేస్తారు. రాజులూ యుద్ధాలూ ఎవరిక్కావాలి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేనికి భయపడ్డారు అని అడిగిన పుస్తకం ఇది. సాక్ష్యాలు చాలావరకు కావ్యాల్లోంచే ఏరాడు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి పద్యం ఉంది కదా, ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజు, చివర్లో గడ్డపెరుగు. అలాంటి పద్యాలను మనం బళ్ళో గణవిభజన కోసం చదివాం. ఆయన కాకతీయుల కాలంలో పూట భోజనం ఎంత అని తెలుసుకోవడానికి చదివాడు.

సిటీబస్_8
అది నేను గ్రూప్స్ కోసం చదివా సార్. పరీక్ష పోయింది కానీ పుస్తకం నచ్చింది 😄

అడ్డంగా_వాదిస్తా
పాత_అట్ట గారూ, పుస్తకం గొప్పదే, కాదనను. కానీ ఒక్క మాట. కావ్యాలు రాసినవాళ్ళు ఎవరు? పూటకూళ్ళ ఇంట్లో కూర్చుని తినగలిగినవాళ్ళు. ఆ ఇంటి గడప తొక్కనివ్వనివాళ్ళు ఏం తిన్నారో కావ్యంలో ఎక్కడుంది? ‘మనం ఎవరం’ అని అడిగిన మనిషికి ఈ ఒక్క పుస్తకం ఇస్తే సగం ఊరే చూపించినట్టు.

పాత_అట్ట
బాబూ, నువ్వు అన్నది సబబే. మిగతా సగం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పు మరి, విమర్శ చేసి వెళ్ళిపోతే ఎలా.

మానేరు_ఒడ్డు
నేను చెప్తా. వై.బి. సత్యనారాయణ రాసిన ‘మా నాయన బాలయ్య’. ముందు ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తర్వాత తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మా కరీంనగర్ దిక్కు మాదిగ కుటుంబం, మూడు నాలుగు తరాల కథ. ముత్తాత చెప్పులు కుట్టి ఇస్తే నిజాం సంతోషపడి యాభై ఎకరాల భూమి ఇచ్చాడంట. ఊరి దొర చూస్తూ ఊరుకుంటాడా? చివరికి ఆయనకు మిగిలింది రెండెకరాలు. ఆ తర్వాత ఇంటిని నిలబెట్టింది రైల్వే. ఊళ్ళో కులం ఏదని అడిగినవాళ్ళే తప్ప పని ఏం వచ్చని అడిగినవాళ్ళు లేరు, రైలు కంపెనీకి ముందు పట్టాల పాయింట్లు మార్చే మనిషి కావాలి. అట్లని అక్కడ కులం లేదని కాదు, అది కూడా పుస్తకంలో ఉంది. ఇంకో సంగతి, రాసిన సారు కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఏడిపించాలని చూడడు, నింపాదిగా చెప్పుకుంటూ పోతాడు. నేనైతే రెండు రోజులు సరిగా తిండి తినలేదు.

మానేరు_ఒడ్డు
అక్కా, ఇంకోటి మరిచిన. ‘మనకు తెలియని మన చరిత్ర’, స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళతో మాట్లాడించి, వాళ్ళ మాటల్నే అచ్చేశారు. పోరాటం అయిపోయాక ఇంటికెళ్ళి పొయ్యి చూసుకోండి అన్నారు మమ్మల్ని అని వాళ్ళు చెప్పుకున్న భాగం చదువు, పార్టీ చరిత్రల్లో ఆ ముక్క దొరకదు.

నీలిసిరా
రెండూ రాసుకున్నా అన్నా, థాంక్యూ. సైన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు ఇంకా.

సితార_తీగ
వచ్చా వచ్చా. తెలుగులో సైన్స్ అంటే నాకు ముగ్గురు. నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్. నండూరి పత్రికా సంపాదకుడు, సైంటిస్టు కాదు, మార్క్ ట్వేన్‌ని తెలుగు చేసిన చెయ్యే ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసింది. మొదటిది విశ్వం గురించి, రెండోది మనిషి పుట్టుక గురించి. వాక్యం ఎంత హాయిగా నడుస్తుందంటే కాంతి సంవత్సరాల లెక్కల్లో కూడా ఎక్కడా ఆగబుద్ధి కాదు. నళినీమోహన్ ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేసిన మనిషి. ‘కేలెండర్ కథ’, ‘పిడుగుదేవర కథ’, ‘గ్రహణాల కథ’ అని చిన్న చిన్న పుస్తకాలు. 1582లో అక్టోబరు 4 మర్నాడు 15వ తేదీ ఎందుకయిందో మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు అడిగితే ఇవ్వాల్సింది ‘కేలెండర్ కథ’. రోహిణీప్రసాద్ భాభా అణు పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్త, పైగా సితార్ వాయించేవాడు (నా పేరు అక్కడిదే). ఆయన ‘విశ్వాంతరాళం’ తప్పకుండా చదవండి.

అడ్డంగా_వాదిస్తా
‘నరావతారం’ పాతబడిపోయిందండీ. నియాండర్తాల్ అనే అంతరించిపోయిన పాత మానవజాతి ఎముకలోంచి డీఎన్‌ఏ తీసి చదవొచ్చని కలలో కూడా అనుకోని రోజుల్లో రాసింది. వాళ్ళ జీనోమ్, అంటే మొత్తం జన్యుపటం, 2010లో వచ్చింది, ఆ పనికి స్వాంటే పాబో అనే శాస్త్రవేత్తకి 2022లో నోబెల్ కూడా ఇచ్చారు. మన ఒంట్లో కాస్త నియాండర్తాల్ రక్తం ఉందని నండూరికి తెలిసే అవకాశమే లేదు. సైన్స్ పుస్తకానికి వయసు చూడాలి.

సితార_తీగ
వయసు చూడాలి, ఒప్పుకుంటా. కానీ కొత్త సంగతులతో అంత మంచి తెలుగులో ఎవరు రాశారో చూపించండి, ‘నరావతారం’ పక్కన పెట్టేస్తా. అప్పటిదాకా దాన్ని చదివి, డీఎన్‌ఏ ముక్క వేరే పుస్తకంతో కలుపుకోవడమే.

సిటీబస్_8
ఆ వేరే పుస్తకం నా దగ్గర ఉంది. డేవిడ్ రైక్ ‘హూ వి ఆర్ అండ్ హౌ వి గాట్ హియర్’, 2018. ఆయన హార్వర్డ్‌లో పాత డీఎన్‌ఏ ల్యాబ్ నడుపుతాడు. ఇండియా మీద ఒక చాప్టర్ మొత్తం ఉంది, అందులో మన హైదరాబాద్ సీసీఎంబీ, అదే జీవకణ పరిశోధనా సంస్థ, ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ వాళ్ళతో కలిసి 2009లో నేచర్ అనే సైన్స్ పత్రికలో పేపర్ వేశారు, 25 సమూహాల నుంచి 132 మంది శాంపిల్స్. దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాభాల కలయికే, పాళ్ళే తేడా అని తేలింది. 2013లో ఇంకో పేపర్, ఈసారి ఆ కలయిక ఎప్పుడు జరిగిందో లెక్కగట్టారు. సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా బాగా కలిసిపోయారు, ఆ తర్వాత తలుపులు మూసుకున్నారు. భిల్లులు, కళ్ళర్లు లాంటి విడిగా ఉండిపోయారనుకునే సమూహాల్లోనూ ఆ కలయిక కనిపించింది.
చదువుతుంటే ఒకచోట ఉలిక్కిపడ్డా. ఎందుకంటే ఉదాహరణగా తీసుకున్నది మన ఆంధ్ర వైశ్యుల్ని. యాభై లక్షల దాకా ఉన్న జనం, అయినా రెండు మూడు వేల ఏళ్ళ కిందట కొద్దిమందితో మొదలైన గుర్తు ఇంకా డీఎన్‌ఏలో చెరగలేదు. అంటే అన్ని వేల ఏళ్ళూ బయటివాళ్ళు దాదాపు కలవలేదన్నమాట. తరానికి నూటికి ఒక్కరు వచ్చి కలిసినా ఆ గుర్తు చెరిగిపోయి ఉండేదట. ఊళ్ళో పక్క పక్క వీధుల్లో ఉంటూ!

మత్తు_డాక్టర్
ఇది పుస్తకాల్లో కాదు, మాకు ఆపరేషన్ థియేటర్‌లో రోజూ ఉండే విషయం. కొంచెం వివరంగా చెబుతా. పేషెంట్‌కి గొంతులో ట్యూబ్ వేయాలంటే కండరాలు వదులు కావాలి, దానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఉంది. మామూలు మనిషిలో కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది, ఎందుకంటే రక్తంలో ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతో లోపించినవాళ్ళకి కండరాలు గంటలకొద్దీ కదలవు, ఊపిరి తీసే కండరాలతో సహా. వెంటిలేటర్ మీద పెట్టి కనిపెట్టుకుని ఉంటే ఏమీ కాదు, తెలియకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళ కంటే ఎక్కువ. అందుకే ఈ ప్రాంతాల్లో పనిచేసే మత్తు డాక్టర్లు ఆపరేషన్ ముందు ‘మీ ఇంట్లో ఎవరికైనా మత్తిచ్చాక ఊపిరి అందడం ఆలస్యమైందా’ అని అడుగుతారు. కొంతమంది పేషెంట్లు మేం అడక్కముందే వాళ్ళే చెబుతారు. రైక్ కూడా ఈ సంగతి రాశాడు. వేల ఏళ్ళ పెళ్ళిళ్ళ లెక్క మాకు ఒక్కోసారి సిరంజి దగ్గర ఎదురవుతుంది.

అడ్డంగా_వాదిస్తా
ఇదిగో, ఇక్కడే నా భయం. ఈ పోస్టు సగం కత్తిరించి ‘కులాలు వేల ఏళ్ళవని సైన్సే చెప్పింది, కాబట్టి కులం సహజం’ అని రేపు వాట్సాప్‌లో తిప్పుతారు. చూస్తూ ఉండండి.

మత్తు_డాక్టర్
తిప్పనివ్వండి, ఆ సగాన్నే వాళ్ళ మీదికి తిప్పి చెప్పొచ్చు. సహజమైతే అంతకుముందు రెండు వేల ఏళ్ళు అందరూ ఎందుకు కలిశారు? పైగా బయట పెళ్ళిళ్ళు చేసుకోకపోవడం వల్ల వచ్చింది గొప్పతనం కాదు, రోగం. 2017లో దక్షిణాసియా సమూహాలు 260కి పైగా చూస్తే 81 సమూహాల్లో ఈ ‘కొద్దిమందితో మొదలైన’ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్ళ కంటే, అష్కెనాజీ (ఐరోపా) యూదుల కంటే గట్టిగా ఉందని తేలింది. అంటే వైశ్యులొక్కరే కాదు, ఏ కులం వాళ్ళయినా తమ ఇంటి జబ్బుల చరిత్ర తెలుసుకోవడం మంచిది. ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు.

పాత_అట్ట
ఈ మాట డీఎన్‌ఏ లేకుండానే ఒకాయన చెప్పాడు. 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ సెమినార్‌లో అంబేడ్కర్ ఒక వ్యాసం చదివాడు, ఇండియాలో కులాల పుట్టుక గురించి. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. కులానికి అసలు పట్టు తిండి దగ్గర కాదు, వృత్తి దగ్గర కాదు, తమలో తామే పెళ్ళి చేసుకోవడం దగ్గర ఉంది అన్నాడు. సతి, బాల్యవివాహం, విధవకు పెళ్ళి లేకపోవడం ఇవన్నీ ఆ గోడ నిలబెట్టడానికి వచ్చినవే అని వాదించాడు. వ్యాసం పొట్టిదే, ఒక సాయంత్రం చాలు. అంబేడ్కర్ రచనల తెలుగు సంపుటాలు చాలా గ్రంథాలయాల్లో ఉంటాయి, ‘కుల నిర్మూలన’ అయితే విడిగా కూడా దొరుకుతుంది. రైక్ చాప్టర్‌కి ముందు అది చదివితే హార్వర్డ్ ల్యాబ్ దేన్ని కొలిచిందో తెలుస్తుంది.

అడ్డంగా_వాదిస్తా
ఈసారి వాదించడానికేం దొరకలేదు సార్ 🙏

యనమదుర్రు_కాలవ
మా భీమవరం మాట రాకుండా ఈ చర్చ పూర్తికాదు కాబట్టి వచ్చాను అండీ. సిద్ధార్థ ముఖర్జీ ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’, కేన్సర్ చరిత్ర, 2010లో వచ్చింది, పులిట్జర్ కొట్టింది. అందులో మొదట్లోనే మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కనిపిస్తారు. మద్రాసులో వైద్యం చదివి, బోస్టన్ వెళ్ళి, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చేరిన మనిషి. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు దాన్ని లుకేమియా (రక్త కేన్సర్) ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు, జబ్బు తగ్గడం మానేసి ఇంకా రేగింది. అయితే దీన్ని అడ్డుకునే మందు ఇద్దాం అనుకున్నాడు. ఆ అడ్డుకునే మందు, అమినోప్టెరిన్, వచ్చింది కూడా సుబ్బారావు గారి ల్యాబ్ నుంచే. 1947 చివర్లో మొదటిసారి పిల్లల రక్తంలో కేన్సర్ వెనక్కి తగ్గింది, కొన్నాళ్ళే అనుకోండి. మరుసటి ఏడు, 1948లో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకే.
మా జిల్లాలో ఏటా ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు మింగించేవారు కదా, డీఈసీ అని, ఆ మందు కూడా ఆయన లెడర్లేలో ఉన్నప్పుడు బయటికొచ్చిందే. ఆ మాత్ర మింగనని మారాం చేసిన వాళ్ళలో నేనూ ఉన్నా, అది ఎవరి మందో అప్పుడు ఎవరైనా చెప్పుంటే కనీసం ఊరి పరువు కోసం మింగేవాణ్ణి.

సితార_తీగ
😂😂 ఊరి పరువు!

డల్లాస్_దోసకాయ
ఆలస్యంగా వచ్చా, సారీ. నేను ఇక్కడి కౌంటీ లైబ్రరీలో తెచ్చుకుని చదివినవి రెండు చెబుతా, ఇండియాలో పెద్ద లైబ్రరీల్లో దొరకచ్చు. మొదటిది రెబెకా స్క్లూట్ ‘ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెటా లాక్స్’. పొగాకు పొలాల్లో పనిచేసుకున్న నల్లజాతి ఆవిడ, 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో పోయింది. ఆవిడ కణాల్ని అడక్కుండా తీసుకున్నారు, అవి ల్యాబ్‌లో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి, పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి అన్నిటికీ వాడారు. కుటుంబానికి మాత్రం ఇరవై ఏళ్ళు దాటేదాకా ఎవరూ చెప్పలేదు. 2023లో ఒక బయోటెక్ కంపెనీతో రాజీ కుదిరింది వాళ్ళకి. సైన్స్ కావాలి, మనుషులూ కావాలి అని అడిగారు కదా నీలిసిరా గారూ, ఈ ఒక్క పుస్తకంలో రెండూ ఉన్నాయి.
రెండోది నాకు ఇంకా ఇష్టం. యాన్ ఫాడిమన్, 1997, ‘ది స్పిరిట్ క్యాచెస్ యూ అండ్ యూ ఫాల్ డౌన్’. కాలిఫోర్నియాలో లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మాంగ్ కుటుంబం, పాపకి మూర్ఛ. డాక్టర్లకి అది మెదడు జబ్బు, అమ్మానాన్నలకి ఆత్మ తప్పిపోవడం. డాక్టర్లు మంచివాళ్ళే, తల్లిదండ్రులూ ప్రాణం పెట్టేవాళ్ళే, అయినా అంతా తలకిందులైంది. మందులు సరిగ్గా వేయట్లేదని పిల్లని కొన్నాళ్ళు వేరే ఇంటికి కూడా పంపేశారు. మా అత్తగారు ఇక్కడికొచ్చినప్పుడు బీపీ మాత్ర నేను చూడనప్పుడు సింక్‌లో వేసి, మెడలో తాయెత్తు మాత్రం జాగ్రత్తగా దాచుకునేవారు. నాకు కోపం వచ్చేది. ఈ పుస్తకం చదివాక కోపం తగ్గి, ఆవిడకి అసలు ఆ మాత్ర మీద ఏం అనుమానమో అడిగా. ఇంటి దగ్గర డాక్టరు ఇచ్చింది ఎర్రది, ఇది తెల్లది, అంతే! ఒకటే మందని చెప్పాక వేసుకున్నారు.

మత్తు_డాక్టర్
దోసకాయ గారూ, మాత్ర రంగు గొడవ నాకు వారానికి ఒకటైనా వస్తుంది. ఆ పుస్తకాన్ని చాలా మెడికల్ కాలేజీల్లో చదివిస్తారు, మన దగ్గర కూడా చదివిస్తే బావుండు.

నీలిసిరా
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇవాళ గ్రంథాలయానికి వెళ్ళొచ్చా. పేపర్లు చదివే హాలు కిక్కిరిసి ఉంది, అంతా కాంపిటీటివ్ వాళ్ళే. పుస్తకాల గది మాత్రం తాళం. తీయించుకుని లోపలికెళ్తే తెలుగు పుస్తకాలు నవలలన్నీ ఒకచోట, ‘ఇతరములు’ అని రాసి మిగతావన్నీ ఒకచోట. సాంఘిక చరిత్ర దొరికింది. ‘విశ్వరూపం’ కూడా దొరికింది, వెనకట్ట దగ్గర అతికించిన తేదీల కాగితం మీద ఆఖరి ముద్ర 2009ది. మిగతావి లేవు, కౌంటర్లో అడిగితే ‘ఇవన్నీ ఎవరు చదువుతారమ్మా’ అన్నారు.

మానేరు_ఒడ్డు
ఎవరు చదువుతారా? ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, వాళ్ళే చదువుతారు!

పాత_అట్ట
కోప్పడకండి, అక్కడ ఉన్న ఒక్క మనిషే తాళాలు, రిజిస్టరు, ఊడ్చుకోవడం అన్నీ చూసుకుంటూ ఉంటాడు. పని జరిగే దారి చెబుతా. నీలిసిరా, సూచనల పుస్తకం అడుగు, ప్రతి గ్రంథాలయంలో ఉండాలి. అందులో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త మూడూ రాయి, ఒక్క పేరు రాస్తే కొనేటప్పుడు పట్టించుకోరు. నీ స్నేహితుల చేత కూడా అవే పేర్లు విడివిడిగా రాయించు. కొనుగోలు జాబితా జిల్లా గ్రంథాలయ సంస్థలో తయారవుతుంది, కాబట్టి అదే కాగితం ఒక కాపీ అక్కడ కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ఇంకొకటి, ‘ఇతరములు’ బీరువా చూసి నిరాశపడకు. పుస్తకాల మీద విషయాన్ని బట్టి వేసే డ్యూయీ నెంబర్లు ఉంటే జన్యుశాస్త్రం, పరిణామం 576 దగ్గర ఉంటాయి, సమాజంలో వర్గాల గురించి 305, మన ప్రాంతపు చరిత్ర 954.84. ఆత్మకథలు మాత్రం ఎక్కువ చోట్ల విడిగా పెడతారు. ‘మా నాయన బాలయ్య’ లాంటిది సమాజం దగ్గర వెతికితే దొరకదు, జీవితచరిత్రల దగ్గర వెతుకు.

సిటీబస్_8
హైదరాబాద్ వస్తే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ చూడు అక్కా. పాత తెలుగు పుస్తకాలు అక్కడ మస్తు ఉంటాయి, కూర్చుని చదువుకోవచ్చు.

యనమదుర్రు_కాలవ
వేటపాలెం దగ్గరైతే సారస్వత నికేతనం కూడా అండీ, 1918 నుంచి ఉంది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు అక్కడికి.

నీలిసిరా
వేటపాలెం మాకు రైల్లో గంటన్నర! వెళ్తా. పాత_అట్ట గారూ, 305, 576 చేతి మీద రాసుకున్నా. ఇంకొక్కటి అడుగుతా, భాష గురించి ఏదైనా? వ్యాకరణం కాకుండా.

పాత_అట్ట
తిరుమల రామచంద్ర. ‘మన లిపి పుట్టుపూర్వోత్తరాలు’, ‘నుడి-నానుడి’. అనంతపురం జిల్లా మనిషి, సంస్కృతం, ప్రాకృతం వచ్చిన పత్రికా రచయిత. మనం రాసే అక్షరం బ్రాహ్మి నుంచి ఎలా మెలికలు తిరుగుతూ వచ్చిందో మొదటిదాంట్లో చూపిస్తాడు. ఆయన ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’కి, ఆయన పోయాక, 2001 సంవత్సరపు సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. అది చేతికి దొరికితే మిగతావి ఆపి ముందు అదే చదువు.

అడ్డంగా_వాదిస్తా
‘ముందు అదే చదువు’ అన్నది ఇప్పటికి మూడో పుస్తకం గురించి అనుకుంటా 😀 నా ఓటు బాలయ్యకే.

మానేరు_ఒడ్డు
మొదటిసారి ఒక్క మాట మీద ఉన్నం అన్నా. అక్కా, మీ దగ్గర దొరక్కపోతే చెప్పు, నా కాపీ పోస్టులో పంపుతా, చదివి వెనక్కి పంపు. పేజీలు మాత్రం మడవొద్దు.